సముద్రంలో గాలిమర ఎక్కాను!

విమానం కోపెన్‌హేగెన్‌లో దిగడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. కిటికీ పక్క సీటు నాదే. కింద బూడిద రంగు సముద్రం. ఆ నీళ్లలో తెల్లటి గాలిమరలు, ఒకదాని వెనక ఒకటి, విల్లులా వంగిన వరసలో నిలబడి ఉన్నాయి. నా వెనక సీట్లో ఎవరో 'వావ్' అన్నారు. నేను మాత్రం 'ఇక్కడ కూడా ఇవేనా!' అనుకున్నాను.

ఎందుకంటే నేను పెరిగిందే గాలిమరల కింద.

మా ఊరి ఫ్యాన్లు

మాది అనంతపురం వైపు పల్లెటూరు. రామగిరి కొండల మీద తొంభైల్లోనే గాలిమరలు వచ్చాయి. ఆ తర్వాత మా వైపు గుట్ట కనిపిస్తే చాలు, దాని మీదో మర. మా ఊళ్లో వాటిని గాలిమరలు అని ఎవరూ అనరు. 'ఫ్యాన్లు' అంటారు. 'రెండో ఫ్యాను కాడ బండి ఆగిపోయింది', 'ఫ్యాన్ల గుట్ట కింద మేకలున్నాయి'... ఇలా ఉంటాయి మాటలు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా చేనికాడికీ ఒక ఫ్యాను వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు (పేరెందుకులెండి) రెండెకరాలు తీసుకున్నారు. మరకు కొంత, దారికి కొంత. డబ్బులు ఒకేసారి ఇచ్చేశారు. మా నాయన ఆ డబ్బుతో బోరు వేయించాడు. నీళ్లు పడలేదు. పెద్ద లారీల కోసం ఎత్తుగా వేసిన రోడ్డు వాన నీటి దారికి అడ్డం పడింది. అప్పటినుంచి గట్టి వానొస్తే మిగిలిన శెనక్కాయ చేనులో నీళ్లు నిలబడతాయి. మర చుట్టూ కంచె, కంచెకు గేటు, గేటుకు 'లోపలికి రావద్దు' అని బోర్డు.

ఇంజినీరింగ్ రెండో ఏడాది సెలవుల్లో గేటుకాడికి పోయి, 'అన్నా, లోపల ఎట్లుంటాదో ఒకసారి చూపిస్తావా' అని అడిగాను. వాచ్‌మన్ మా పక్క ఊరాయనే.

'నన్నే లోపలికి పోనీరప్పా' అన్నాడు.

రాత్రుళ్లు మిద్దె మీద పడుకుంటే దాని వూష్... వూష్... చప్పుడు వినిపించేది. ఊళ్లో కరెంటు పోయినా అది మాత్రం తిరుగుతూనే ఉండేది. 'అంత పెద్ద ఫ్యానుండి మనకి గాలి రాదేమిరా' అని మా అవ్వ నవ్వేది. నాయన నవ్వేవాడు కాదు.

కాబట్టి కోపెన్‌హేగెన్‌లో ఆరు నెలల ఆన్‌సైట్ పని పడి, దిగీ దిగగానే మళ్లీ ఫ్యాన్లు కనిపించేసరికి నాకేం థ్రిల్ కలగలేదు.

బీచ్‌లో వీడియో కాల్

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం. ఎండ వచ్చింది. డెన్మార్క్‌లో ఎండ వస్తే అది పండగ కిందే లెక్క. అందరూ బయటే ఉంటారు. నేను కూడా మెట్రో ఎక్కి అమాగర్ స్ట్రాండ్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి నడిస్తే బీచ్.

ఆ బీచ్ మనుషులు కట్టింది. పాత తీరానికి ముందు ఇసుక పోసి కొత్తగా ఒక దీవి చేశారు. 2005లో తెరిచారు. పిల్లలు నీళ్లలో ఆడుతున్నారు. ముసలివాళ్లు మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్లందరి ముఖాలూ తిరిగి ఉన్న వైపే, ఎదురుగా సముద్రంలో, ఆ గాలిమరల వరస. మొత్తం 20.

మరలు తిరగడం మొదలైంది 2000 సంవత్సరం చివర్లో. అంటే ముందు మరలొచ్చాయి. వాటికి ఎదురుగా బీచ్ తర్వాత వచ్చింది. 'మరలుంటే ఎవరూ రారు' అనుకుని ఉంటే అక్కడ అంత ఇసుక పోసేవాళ్లు కాదు కదా!

ఇంటికి వీడియో కాల్ చేశాను. నాయన ఎత్తాడు.

'ఏమిరా, యాడుండావు? ఎనకాల అవి మన ఫ్యాన్లు మాదిరుండాయే!'

'అవే నాయనా. ఇక్కడ సముద్రంలో నాటినారు.'

'సముద్రంలోనా? ఎవురి చేన్లో?'

'సముద్రంలో చేనెక్కడుంటాది నాయనా?'

'సరే, చేను లేదులే. ఫ్యాన్లు ఎవురివి మరి?'

'ఏదో కంపెనీవి ఉంటాయిలే' అన్నాను.

'ఊఁ' అన్నాడు. ఆ 'ఊఁ' నాకు బాగా తెలుసు. అమ్మ వచ్చి, 'నీళ్లకాడికి పోవద్దు నాయనా' అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

తిరిగి మెట్రోలో వస్తూ ఊరికే ఫోన్లో వెతికాను. అప్పుడు తెలిసింది, నేను నాయనకి చెప్పింది తప్పని.

ఆ వంపు ఎవరు గీశారు?

ఆ చోటు పేరు మిడిల్‌గ్రుండెన్. నడి సముద్రంలో నీళ్లు లోతు లేని మేట అని అర్థం చేసుకోవచ్చు. రేవులో పూడిక తీసిన బురదనీ చెత్తనీ దాదాపు రెండు వందల ఏళ్ల పాటు తెచ్చి అక్కడే పోశారు. నగరం రేవు నుంచి మూడున్నర కిలోమీటర్ల దూరం. ఇంకా చెప్పాలంటే, ఎవరికీ పనికిరాని జాగా.

1997లో కొంతమంది నగరవాసులు కలిసి ఒక సహకార సంఘం పెట్టారు. అక్కడ గాలిమరలు పెడదాం అన్నారు. నగరానికి కరెంటిచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్లతో చేయి కలిపింది. మొదటి ప్లాన్‌లో 27 మరలు, మూడు వరసల్లో. కాగితం మీద చూస్తే ఇంజినీర్లకు అది నచ్చుతుంది. తక్కువ చోటులో ఎక్కువ మరలు, తక్కువ కేబుల్. నేనైనా అలాగే వేసేవాణ్ని.

ప్లాన్‌ని జనం ముందు పెట్టారు. అభ్యంతరాలొచ్చాయి. ఒడ్డు మీద నిలబడి చూస్తే మూడు వరసల మరలు ఒకదాని మీద ఒకటి పడి, అడవిలా గజిబిజిగా కనిపిస్తాయని. అప్పుడు ఆర్కిటెక్టులు రంగంలోకి దిగారు. కోపెన్‌హేగెన్ చుట్టూ పాత కోట గోడల, రక్షణ గట్టుల వలయం ఉంది. ఆ వలయం నేల మీద ఎక్కడ ఆగిపోయిందో, దాన్ని సముద్రంలోకి పొడిగించినట్టు ఒక వంపు గీశారు. మూడు వరసలు పోయి ఒకే వరస అయ్యింది. 27 మరలు పోయి 20 అయ్యాయి. బదులుగా ఒక్కోదాన్ని పెద్దది చేశారు, ఒక్కోటి 2 మెగావాట్లు. మొత్తం 40 మెగావాట్లు. అంటే కరెంటు లెక్క దాదాపు ముందనుకున్నంతే. వరస పొడవు 3.4 కిలోమీటర్లు.

ఇప్పుడు ఎటునుంచి చూసినా ఆ 20 మరలు ఒక గీతలా కనిపిస్తాయి. నగరంలో ఒక వంతెననో గుడి గోపురాన్నో చూసినట్టు చూస్తారు. విమానంలోంచి నేను చూసింది ఆ గీతనే.

అసలు సంగతి ఇంకోటి. 20 మరల్లో 10 ఆ సహకార సంఘానివి. సంఘం 40,500 వాటాలు అమ్మింది. ఒక్కో వాటా 4,250 క్రోనర్లు. ఇప్పటి లెక్కలో మన రూపాయల్లో యాభై వేల పైచిలుకు. ఒక వాటా అంటే ఏడాదికి 1,000 యూనిట్ల కరెంటు పుట్టించే భాగం. టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్లు... ఎనిమిది వేలకు పైగా మంది కొన్నారు. మరలు మొదలైనప్పుడు అవన్నీ కలిసి ఇచ్చే కరెంటు కోపెన్‌హేగెన్ వాడకంలో 3 శాతం దాకా ఉండేది.

ఇది చదివాక ఇంటికి మళ్లీ ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు. ముందు దగ్గరికెళ్లి చూడాలనుకున్నాను.

లోపలికి రండి!

ఆ సంఘం వాళ్లు మరల దగ్గరికి జనాన్ని తీసుకెళతారు. బృందాలు ముందుగా బుక్ చేసుకోవచ్చు. అందరికీ తెరిచి ఉంచే రోజులు కూడా కొన్ని ఉంటాయి. అలాంటి ఒక రోజుకి ఆఫీసులో తోటివాళ్లతో కలిసి నేనూ పేరిచ్చాను.

చిన్న పడవ. రేవులోంచి బయటపడగానే గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎడమవైపు సముద్రంలో గుండ్రటి రాతి కోట ఒకటి దాటాం. 1890ల్లో శత్రువుల ఓడల్ని ఆపడానికి నీళ్లలో దీవి కట్టి దాని మీద కోట కట్టారట. ఇప్పుడది స్కౌట్ సంస్థల చేతిలో ఉంది. 2019 నుంచి పిల్లలు, యువతీ యువకుల క్యాంపులకి వాడుతున్నారు. దాని పేరే 'యూత్ ఐలండ్' అని అర్థం వచ్చేలా మార్చేశారు. ఫిరంగులు పెట్టిన చోట ఇప్పుడు టెంట్లు!

మర దగ్గరికి వచ్చేసరికి పడవలో మాటలు ఆగిపోయాయి. దూరం నుంచి చీపురుపుల్లలా కనిపించిన స్తంభం ఇప్పుడు తలెత్తినా పై దాకా కనిపించట్లేదు. నీటి నుంచి రెక్క కొస దాకా 102 మీటర్లు. రెక్కలు గీసే చక్రం వెడల్పే 76 మీటర్లు. అడుగున కాంక్రీటు దిమ్మె. ఈ దిమ్మెల్ని నగరంలోని పాత ఓడల కార్ఖానా డాక్‌లో పోత పోసి, సముద్రంలోకి మోసుకొచ్చి కూర్చోబెట్టారు. కార్ఖానా మూతబడినా ఆ డాక్‌కి అలా మళ్లీ పని దొరికింది.

మేం ఎక్కబోయే మరను ఆపేశారు. దిమ్మె మీదికి ఎక్కాక ఒక తలుపు. మామూలు ఇంటి తలుపంత. మాకు దారి చూపించడానికి వచ్చినాయన డెబ్బై దాటిన మనిషి. సంఘం సభ్యుడు. తాళం తీసి, తలుపు పట్టుకుని 'రండి' అన్నాడు.

చెప్తే నవ్వుతారేమో, నా కాళ్లు ఒక్క క్షణం కదల్లేదు. మా చేనిలో పదేళ్లుగా ఉన్న ఫ్యానుకీ ఇలాంటి తలుపే ఉంటుంది. దాన్ని తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

లోపల చల్లగా, బావిని తిరగేసినట్టు ఉంది. అడుగున ట్రాన్స్‌ఫార్మర్, గోడకి కేబుళ్లు, మధ్యలో పైకి పోయే నిచ్చెన. నడుముకి బెల్టు కట్టి, దాన్ని తాడుకి తగిలించారు. ఎక్కడం మొదలుపెట్టాం. 64 మీటర్లు, దాదాపు ఇరవై అంతస్తులు. సగంలో చేతులు వణికాయి. కీబోర్డు తప్ప ఇంకేమీ మోయని చేతులు కదా! పెద్దాయన కింది నుంచే 'తొందరేం లేదు' అని అరిచాడు. మధ్యలో నిలబడ్డానికి చిన్న అరుగులున్నాయి. ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కాను.

పైన జనరేటరూ గేర్‌బాక్సూ ఉండే గది. మినీ బస్సు లోపల మిషన్లు కుక్కినట్టు ఉంటుంది. దాని పైకప్పు తెరిచారు. తల బయటపెట్టాను.

పడమర నగరం. చర్చిల శిఖరాలు. దక్షిణాన డెన్మార్క్‌నీ స్వీడన్‌నీ కలిపే ఓరెసుండ్ వంతెన. తూర్పున స్వీడన్ తీరం. ఆ తీరం మీదే బార్సెబెక్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. కోపెన్‌హేగెన్‌కి 20 కిలోమీటర్ల దూరంలోనే. దాన్ని మూసేయమని డెన్మార్క్ జనం ఏళ్ల తరబడి అడిగారు. ఒక రియాక్టర్ 1999లో, రెండోది 2005లో ఆగిపోయాయి. డెన్మార్క్ తన సంగతి 1985లోనే తేల్చుకుంది, అణు విద్యుత్ వద్దని. వద్దు అన్నాక కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూసుకోవాలి. చూసుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి సముద్రపు గాలి క్షేత్రం 1991లో ఈ దేశంలోనే, విండెబీ దగ్గర పెట్టారు. 11 మరలు. 2017లో వాటికి వయసైపోయి తీసేశారు.

ఇటూ అటూ తిరిగి చూస్తే మిగతా 19 మరలు, వంపులో, నా రెండు పక్కలా. మాది తప్ప అన్నీ తిరుగుతున్నాయి.

కిందికి దిగాక పెద్దాయన్ని అడిగాను, మీవి ఎన్ని వాటాలని. 'ఐదు' అన్నాడు. లాభం వచ్చిందా అంటే భుజాలెగరేశాడు. 'బ్యాంకులో వేసినా వచ్చేదేమో. కానీ బ్యాంకుని మనవళ్లకి చూపించలేను కదా' అన్నాడు.

చెత్త కొండ మీద స్కీయింగ్

పడవ వెనక్కి వస్తుంటే ఒడ్డున వెండి రంగు కొండలాంటి భవనం కనిపించింది. పేరు అమాగర్ బక్కె, టూరిస్టులకి కోపెన్‌హిల్. నిజానికది చెత్త కాల్చి కరెంటూ, ఇళ్లకి వేడీ ఇచ్చే ప్లాంటు. 85 మీటర్ల ఎత్తు. బ్యార్క్ ఇంగెల్స్ అనే ఆర్కిటెక్ట్ సంస్థ బిగ్ దాని పైకప్పుని ఏటవాలుగా వంచి, స్కీయింగ్ చేసుకునేలా డిజైన్ చేసింది. 2019లో జనానికి తెరిచారు. పక్కన నడిచి ఎక్కే దారి, చెట్లు, పైన కాఫీ. గోడ మీద పై దాకా పాకే క్లైంబింగ్ వాల్.

మరుసటి వారం నడిచి ఎక్కాను. మంచు అవసరం లేని పచ్చటి ప్లాస్టిక్ వాలు మీద పిల్లలు జారుతున్నారు. వాళ్ల కాళ్ల కింద నగరం చెత్త కాలుతోంది. వాసనేమీ రాలేదు. పై నుంచి మిడిల్‌గ్రుండెన్ మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. ఫొటో తీయాలంటే అదే బెస్ట్ స్పాట్.

అక్కడ నిలబడితే నాకొకటి తట్టింది. మనం పవర్ ప్లాంటు అంటే ఊరి బయట, గోడ వెనక, ఎవరికీ కనిపించకుండా ఉండాలనుకుంటాం. వీళ్లు దాన్ని ఊళ్లోకి తెచ్చి, ఎలా కనిపించాలో ముందే ఆలోచించి, తలుపు తెరిచారు. టూరిజం తర్వాత దానంతటదే వచ్చింది.

అందరూ ఒప్పుకోరు

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందనుకోకండి. స్కాట్లండ్‌లో ఎబర్డీన్ దగ్గర డొనాల్డ్ ట్రంప్‌కి గోల్ఫ్ కోర్సు ఉంది. ఎదురుగా సముద్రంలో 11 గాలిమరలు పెడతామంటే, నా గోల్ఫ్ కోర్సు నుంచి చూస్తే అసహ్యంగా ఉంటాయని కోర్టుకెళ్లాడు. ఇది ఆయన ప్రెసిడెంట్ కాకముందు. 2015 డిసెంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 2018 నుంచి ఆ మరలు ఆయన కోర్సు ఎదురుగానే తిరుగుతున్నాయి.

అమెరికాలో మాత్రం చూపు గొడవ గెలిచింది. మసాచుసెట్స్ తీరంలో 130 మరలతో కేప్ విండ్ అనే ప్రాజెక్టు 2001లో మొదలుపెట్టారు. తీరం వెంట ఇళ్లున్న డబ్బున్నవాళ్లు, కెనడీ కుటుంబంతో సహా, గట్టిగా అడ్డుకున్నారు. కోర్టులు, అనుమతులు, ఆలస్యం... చివరికి 2017లో వదిలేశారు. దానికి ఏడాది ముందే, పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లో బ్లాక్ ఐలండ్ దగ్గర ఐదే ఐదు మరలు పెట్టారు. టూరిస్టులు రావడం మానేస్తారేమోనని భయపడ్డారు. ఆ రాష్ట్ర యూనివర్సిటీ వాళ్లు 2019లో చూస్తే వేసవి బుకింగులు పెరిగాయని తేలింది. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఎదురుగా ఉన్న రాంపియన్ 116 మరల గాలి క్షేత్రానికైతే బీచ్ మీదే విజిటర్ సెంటర్ ఉంది, బోటు టూర్లున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మిడిల్‌గ్రుండెన్ చిన్నది. ఇప్పుడు కట్టే మరలు చాలా పెద్దవి, తీరానికి చాలా దూరం. వాటిని బీచ్ నుంచి చూడలేం, ఆదివారం పడవేసుకుని ఎక్కలేం. అందుకని ఈ నమూనా అన్నిచోట్లా పనికిరాదు. కానీ 'ఇది ఎవరిది, చూడ్డానికి మేం రావచ్చా' అనే ప్రశ్నలు మాత్రం ప్రతిచోటా ఉంటాయి.

మన సంగతేంటి?

మనకి ఇలాంటి టూరిజం కొత్తా? శ్రీశైలం గేట్లెత్తారని వార్త వస్తే చాలు, ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. నాగార్జునసాగర్‌కి పిల్లల్ని తీసుకెళ్లని స్కూల్ ఉందా? వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్‌ని 2002లో మ్యూజియం చేస్తే ఇప్పటికీ క్యూ తగ్గలేదు. కట్టినవాటిని చూడ్డం మనకిష్టమే. గాలిమరల దగ్గరే ఎందుకో గేటు వేసి వదిలేశారు.

సముద్రంలో గాలిమరల కోసం మన దేశం 2015లోనే పాలసీ తెచ్చింది. 2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ 7,453 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది. గుజరాత్ తీరంలో 500, తమిళనాడు తీరంలో 500, మొత్తం 1,000 మెగావాట్లు లక్ష్యం. డెన్మార్క్‌తో కలిసి ఇందుకోసం ఒక నైపుణ్య కేంద్రం కూడా 2021లో మొదలైంది. నేనిది రాసేనాటికి మన సముద్రంలో ఒక్క మర కూడా లేవలేదు. మన తెలుగు తీరం తొలి జాబితాలో లేదు.

లేకపోవడం కూడా మంచిదే, ఆలోచించుకోడానికి టైముంది. సముద్రంలో చేను ఉండదని నాయనతో అన్నాను కదా. అది తప్పు. మత్స్యకారులకి అదే చేను. ఎక్కడ వల వేయాలో, ఏ దారిలో పడవ పోవాలో వాళ్లకి గట్లున్నట్టే తెలుసు. మరలు ఎక్కడ పెట్టాలో గీసే ముందు వాళ్లని పిలవాలి. వాళ్ల పడవల్లోనే టూరిస్టుల్ని తీసుకెళ్లొచ్చు. వాటాలు వాళ్లకే ముందు ఇవ్వొచ్చు. కోపెన్‌హేగెన్ చేసింది ఇంతే. ముందు అడిగారు. అభ్యంతరం వస్తే ప్లాన్ మార్చారు. సగం వాటా జనానికిచ్చారు.

మీరు వెళ్లాలంటే...

కోపెన్‌హేగెన్ వెళ్లే పని పడితే, డబ్బు ఖర్చు లేకుండా చూడాలంటే మెట్రోలో అమాగర్ స్ట్రాండ్ దిగి బీచ్‌కి నడవండి. ఫొటోలకి కోపెన్‌హిల్ పైకప్పు. నడిచి ఎక్కితే టికెట్ లేదు, స్కీయింగ్‌కి ఉంది. మర ఎక్కాలంటే వేసవిలో వెళ్లండి, సంఘం వెబ్‌సైట్‌లో తేదీలు ముందే చూసుకోండి. గాలి ఎక్కువైతే టూర్ రద్దవుతుంది. జారని బూట్లు, గాలి దూరని జాకెట్ తప్పనిసరి. ఎత్తంటే భయమున్నవాళ్లు అడుగున ట్రాన్స్‌ఫార్మర్ చూసి వెనక్కి రావచ్చు, ఎవరూ ఏమీ అనరు.

నాయన అడిగింది

మర ఎక్కిన రోజు రాత్రి నాయనకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. 27 మరలు 20 ఎలా అయ్యాయో, ఎనిమిది వేల మంది ఎలా కొన్నారో. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

'అంటే వాళ్లని ముందే అడిగినారా?' అన్నాడు.

'అడిగినారు నాయనా.'

'వద్దంటే మార్చినారా?'

'మార్చినారు.'

'ఊఁ' అన్నాడు. ఈసారి 'ఊఁ' వేరేలా వినిపించింది. కాసేపాగి, 'లోపల ఎట్లుంటాదిరా?' అని అడిగాడు. పదేళ్లుగా తన చేనిలో ఉన్నదాని గురించి, ఏడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న కొడుకుని అడుగుతున్నాడు. ఫొటోలు పంపాను. నిచ్చెన, కేబుళ్లు, పైకప్పు నుంచి సముద్రం. మర్నాడు అమ్మ చెప్పింది, ఆ ఫొటోలు తీసుకెళ్లి వాచ్‌మన్‌కి కూడా చూపించాడట.

సంక్రాంతికి ఇంటికొచ్చాక నాయనా నేనూ కూర్చుని కంపెనీకి ఒక ఉత్తరం రాశాం. రెండెకరాలు వెనక్కివ్వమని కాదు. రెండే అడిగాం. ఒకటి, వాన నీళ్లు పోయేలా ఆ రోడ్డు కింద ఒక తూము కట్టమని. రెండు, ఏడాదికి ఒక్కరోజు, మరను ఆపి, ఊరివాళ్లకీ బడిపిల్లలకీ లోపల చూపించమని. ఊళ్లో నలభై రెండు మంది సంతకాలు పెట్టారు. వాచ్‌మన్ పెట్టలేదు, ఉద్యోగం పోతుందని. కానీ ఉత్తరం ఎవరికి రాయాలో ఆ పెద్ద సారు పేరు చెప్పింది ఆయనే.

జవాబు ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో నాయన అదే అడుగుతాడు, 'రాసినారా వాళ్లేమన్నా?' అని. ఇంకో ఉత్తరం సిద్ధం చేస్తున్నాను. చూడ్డానికి వచ్చేవాళ్ల జాబితాలో ఈసారి మా అవ్వ పేరు కూడా రాయమంది. నిచ్చెన ఎక్కదట. తలుపు తెరిస్తే చాలట, ఆ ఫ్యాను కింద నీడలో కూర్చుంటుందట.